పాటకు పాటకు నడుమ

రేడియోలో పాటలు వినిపించువారమని తెలిసినంతనే జనులు మమ్ములను రెండు ప్రశ్నలు తప్పక అడుగుదురు. "పాటలు వినుచు కూర్చుండుటకు మీకు డబ్బు కూడ ఇచ్చెదరా?" అనునది మొదటిది. "మిగిలిన దినములలో ఏమి చేయుదురు?" అనునది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఈ ప్రసంగమంతయు పట్టును. రెండవది సులభము. మాలో ఒకరు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుదురు. ఒకరు న్యాయవాది వద్ద గుమాస్తా. ఒకరు ఇద్దరు బిడ్డల తల్లి. ఇంటి పని ముగించుకొని సాయంకాలపు పూటకు వచ్చెదరు. ఒకరు ఇంకను చదువుకొనుచున్న యువకుడు. నెలలో కొన్ని పూటలు మాత్రమే మేము రేడియో మనుష్యులము. తక్కిన పూటలలో మీవలెనే శ్రోతలము.

ఆకాశవాణి పరిభాషలో మావంటివారిని క్యాజువల్ అనౌన్సర్లందురు. పూటకు ఇంత యని రుసుము. నెలకు ఆరు పూటలకు మించి పిలువరాదను నియమము చాలకాలము అమలులో ఉండెను. నెల జీతము లేదు, పింఛను లేదు. సెలవు అను మాటకు మా విషయములో అర్థమే లేదు. వెళ్లిన పూటకు పైకము, వెళ్లని పూటకు లేదు. 2001 జులైలో బెంగుళూరునందు దేశములోని మొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రము వెలసిన పిదప ఈ పనికి రేడియో జాకీ అను క్రొత్త పేరు ప్రచారములోనికి వచ్చినది. డిస్క్ జాకీ అను అమెరికా మాటకు ఇది తోబుట్టువు. డిస్కనగా రికార్డు పళ్లెము. జాకీ యనగా పందెపు గుఱ్ఱము నెక్కు రౌతు. వినుటకు వింతగా ఉన్నను, నిమిషమునకు 78 చుట్లు తిరుగు పళ్లెమును దగ్గఱనుండి చూచినవారికి ఈ పోలిక అంత అసందర్భముగా తోచదు. గుఱ్ఱము తనంత తానే పరుగెత్తును. ఎప్పుడు వదలవలెనో, ఎప్పుడు పగ్గము బిగింపవలెనో తెలియుటయే రౌతు పని.

ఈ వృత్తికి ఆద్యులలో ఒకరు కూడ మావలె వేఱొక వ్యాపకము గలవారే యని చెప్పుకొనుటలో మాకొక చిన్న సంతోషము కలదు. బ్రిటనులో క్రిస్టొఫర్ స్టోన్ అను నాయన 1927 జులై 7వ తేదీన బి.బి.సి.లో గ్రామఫోను రికార్డులు వినిపింప నారంభించెను. ఆయన బావయు నవలాకారుడును అగు కాంప్టన్ మెకంజీ 'గ్రామఫోన్' అను పత్రికను స్థాపించెను. స్టోన్ దానికి సంపాదకులలో ఒకడు. పత్రిక పని పత్రిక పనియే, రేడియో పని రేడియో పనియే. ఆ కాలపు బి.బి.సి.లో మాట యన్న ముందుగా వ్రాసికొని చదువవలసినదే. స్టోన్ మాత్రము వ్రాతప్రతి లేకుండ, ఇంటికి వచ్చిన మిత్రునితో ముచ్చటించునట్లు మాటలాడెను. అట్టివాడు డిన్నరు కోటు తొడిగి, మెడకు బో కట్టుకొని మైకు ముందు కూర్చుండెడివాడట. వినువారికి కోటు కనబడదు గదా యని మీరనవచ్చును. కాని దుస్తులు మాఱినప్పుడు గొంతు మాఱునని మాకు తెలియును; చొక్కా సరిగా లేనివాని మాట కూడ కొంచెము వదులుగానే ఉండును. 1934లో స్టోన్ లక్సెంబర్గు రేడియోలో కూడ పనికి ఒప్పుకొనగా బి.బి.సి. కొంతకాలము ఆయనకు తలుపులు మూసినది. రెండు పడవలమీద కాలు పెట్టువారి కష్టము నాటినుండి ఉన్నదే.

మన దేశములో చలనచిత్ర గీతములకు రేడియోలో చోటు నిశ్చింతగా దొరకినది కాదు. 1952లో బి.వి. కేస్కర్ గారు కేంద్ర సమాచార ప్రసారశాఖ మంత్రి యైన పిదప ఆకాశవాణినుండి సినిమా పాటలు దాదాపు తొలగిపోయినవి. శ్రోతలు ఊరకుండిరా? రేడియో ముల్లును కొలంబో వైపు త్రిప్పిరి. ఆ యేడే రేడియో సిలోనులో ఆరంభమైన 'బినాకా గీత్‌మాలా'తో అమీన్ సయానీ గొంతు దేశమంతటికి చుట్టమైనది. అదే సిలోనునుండి తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి మాట తీరును తలచుకొను పెద్దలు నేటికిని మన ఊళ్లలో ఉన్నారు. సముద్రమున కావలనుండి వచ్చిన ఆ తెలుగు చెవికి ఎంత తీయగా ఉండెడిదో వారిని అడిగి తెలిసికొనవలెను. చివరకు 1957 అక్టోబరు 3వ తేదీన ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించి, వెళ్లగొట్టిన పాటను మరల ఇంటిలోనికి పిలిచినది. ఈ కథలో మేము గ్రహించిన దేమనగా, శ్రోత పాట కొఱకే ముల్లు త్రిప్పినను, ఆ కేంద్రమువద్ద నిలిచినది ఒక గొంతును నమ్మి.

ఇక స్టూడియోలోనికి వచ్చెదము. మా పూట ప్రసారముకన్న చాల ముందుగా ఆరంభమగును. డ్యూటీ గదిలో సంతకము చేసి, ఆ పూట క్యూషీటు అందుకొని, లైబ్రరీనుండి వచ్చిన పాటలను దానితో పోల్చి చూచుకొనవలెను. గ్రామఫోను రికార్డుల కాలములో ఇది చేతి పని, కంటి పని, చెవి పని. ప్రక్కప్రక్కన రెండు టర్నుటేబుళ్లుండెడివి. ఒకదానిమీద పాట సాగుచుండగనే రెండవదానిమీద రికార్డు నుంచి, ముల్లు దింపి, మొదటి స్వరము ఎక్కడ పలుకునో చెవికి మాత్రము వినబడునట్లు పట్టుకొని, అక్కడినుండి పళ్లెమును అర చుట్టు వెనుకకు త్రిప్పి నిలిపి ఉంచెడివారు. వదలినప్పుడు ఆ అర చుట్టులో పళ్లెము పూర్తి వేగము నందుకొనును. లేనిచో పాట నిద్రలో మూలిగినట్లు మొదలగును. పది అంగుళాల 78 రికార్డు ఒక ప్రక్క పలుకునది మూడు నిమిషములకు కొంచెము ఎక్కువ. మన సినిమా పాట ఈనాటికిని ఎక్కువగా ఆ కొలతకు దగ్గఱనే యున్నది. పళ్లెము పోయినను దాని వ్యాసము మన చెవులలో మిగిలినది.

స్టూడియోలో మైకు ముందు నోటికి జానెడు దూరమునకు మించి వెనుకకు జరుగరాదు. మఱీ దగ్గఱకు పోయినచో పకార బకారములు తుపాకి పేలినట్లు పేలును. కాగితములను కలిపి కుట్టరాదు. త్రిప్పునప్పుడు సవ్వడి యగును. మాలోని స్త్రీలు గాజులు తీసి బల్లమీద పెట్టి గాని ఫేడరు మీద చేయి వేయరు. కుర్చీకి కిఱ్ఱుమను గుణమున్నదేమో ముందే తెలిసికొనవలెను. ఎఱ్ఱ దీపము వెలిగిన పిదప దగ్గు వచ్చుట మానవ సహజమే గాని, దానిని దేశమునకు వినిపింప నక్కఱలేదు.

ఇవి నాలుగు పూటలు చేసినచో అలవడును. అలవడనిది లెక్క. శ్రోతలు కోరిన పాటల కార్యక్రమము ముప్పది నిమిషములనుకొనుడు. పాటకు మూడు నిమిషముల ఇరువది సెకండ్లు చొప్పున ఏడు పాటలకు ఇరువదిమూడు నిమిషముల ఇరువది సెకండ్లు. ఆరంభమునకు, ముగింపునకు నలువది సెకండ్లు తీసివేయుడు. మిగిలినవి ఆరు నిమిషములు. అనగా ఒక్కొక్క పాటకు ముందు మాకు దక్కునవి సుమారు ఏబది సెకండ్లు. ఆ ఏబది సెకండ్లలోనే చిత్రము పేరు, వ్రాసినవారు, స్వరపఱచినవారు, పాడినవారు, కోరినవారు, వారి ఊళ్లు. ముప్పదవ నిమిషము తుదిని ఢిల్లీనుండి వార్తలు వచ్చునదైనచో అవి మా కొఱకు ఆగవు. అందుచేత మేము కాలమును తుదినుండి మొదటికి లెక్కించుకొందుము. పాట మూడవ చరణములో నుండగా దాని గొంతు నొక్కవలసి వచ్చుట మాకు పరమ అసహ్యము. పెండ్లి పంక్తిలో పాయసము వడ్డించి విస్తరి లాగివేసినట్లుండును. దానికన్న ఒక పాట తగ్గించి, రెండు నిమిషముల వాద్యసంగీతముతో నింపుట మర్యాద.

పాట మధ్యనే మాటలాడుట నేటి ఎఫ్.ఎం. అలవాటు. పాట ఎత్తుగడలోని వాద్యములమీద మాటలు పఱచి, గాయకుడు నోరు విప్పుసరికి సరిగా ఆపుట నేర్పే యని ఒప్పుకొనవలెను. కాని ఆ ఎత్తుగడ కూర్చుటకు సంగీతదర్శకుడెవరో రాత్రులు మేలుకొనియుండును. దానిమీద మన వాగ్ధోరణి దొరలించుట మా అభిప్రాయములో ఇతరుల ముంగిటి ముగ్గుమీద నడచుట వంటిది. ఈ విషయములో మాలోని యువకునికిని మాకును ఇంకను రాజీ కుదురలేదు.

ఇక పేరుల సంగతి. బయటివారికి ఇది విసుగు పుట్టించు భాగము. "ఆ జాబితా ఏల చదువుదురు, ఇంకొక పాట వేయరాదా?" అని చాలమంది అందురు. నేటి జార్ఖండులో ఝుమ్రీ తిలైయా అను అభ్రకపు గనుల పట్టణ మొకటి కలదు. గనులకన్న రేడియోకు వ్రాసిన ఉత్తరములచేతనే ఆ ఊరు దేశమున కెక్కువ తెలియును. రేడియో సిలోనుకును వివిధభారతికిని పాటలు కోరుచు అక్కడివారు కట్టలు కట్టలుగా కార్డులు వ్రాసెడివారు. చూడని వారు అసలట్టి ఊరున్నదా యని సందేహించునంతగా దాని పేరు మారుమ్రోగినది. ఆ జనులకు కావలసినది పాటయే యైనచో, ఒకరు వ్రాసిన చాలును. పాట అందఱికిని వినబడును గదా! వారికి కావలసినది పాటతోపాటు తమ పేరు.

మన ఊళ్లనుండి వచ్చు కార్డులును అట్టివే. ఇచ్ఛాపురమునుండి ఒకటి, ఎఱ్ఱగొండపాలెమునుండి ఒకటి, గార్లదిన్నెనుండి ఒకటి, మహబూబాబాదునుండి ఇంకొకటి. ఒక కార్డుమీద తండ్రి, తల్లి, నలుగురు పిల్లలు, చివర 'మఱియు బామ్మగారు' అని యుండును. ఏ పెండ్లికార్డు మీదను తన పేరు అచ్చుకాని యొక ముసలమ్మ పేరు, బీడీలు చుట్టు నొక ఇల్లాలి పేరు, లారీ తోలు నొకాయన పేరు ఇంటిపేరుతో సహా గాలిలో పలుకబడు సమయము అది యొక్కటే కావచ్చును. సుమారు రెండు సెకండ్లు. ఏబది సెకండ్లలో ఇరువదియైదు పేరులు చెప్పుట కూడ కష్టమే. చిత్రము, కవి, గాయకుడు పోగా ఇంకను తగ్గును. కావున కొన్ని కార్డులు మిగిలిపోవును. ఏవి మిగులవలెనో తేల్చుట మా పనిలోకెల్ల కఠినమైనది. మొదటిసారి వ్రాసినవారికి ముందు పీట వేయవలెనని మేము నియమము పెట్టుకొంటిమి. వారము వారము వ్రాయువారు కోపగించుకొందురు. అయినను వారు మరల వ్రాయుదురు. మొదటిసారి వ్రాసి పేరు వినబడనివారు మరల వ్రాయరు.

ఇందులో ఒక చమత్కారము కలదు. ఇందఱి పేరులు పలుకు అనౌన్సరుకు ఒకప్పుడు తన పేరు చెప్పుకొను అలవాటు లేదు. వార్తలు చదువువారు పేరు చెప్పెడివారు. మేము చెప్పెడివారము కాము. సంతలో కూరలు బేరమాడుచుండగా గొంతునుబట్టి పోల్చుకొని "మీరు రేడియోలో కదండీ?" అని అడిగినవారుండిరి. ఆ బేరములో రూపాయి కూడ తగ్గలేదు. అది వేఱు విషయము. నేడు ఎఫ్.ఎం. ప్రయోక్తలు తమ పేరే ముందు చెప్పుదురు, పాటకన్న ముందు కూడ చెప్పుదురు. అది తప్పని అనము. కాని తన పేరు మూడు మాఱులు చెప్పుటకు వ్యవధియుండి, పాట వ్రాసిన కవి పేరు చెప్పుటకు వ్యవధి లేకపోవుట మాకు నచ్చదు.

పేరు చెప్పుట ఎంత పని చేయునో ఒక ఉదాహరణ కలదు. 1949లో వచ్చిన 'మహల్' అను హిందీ చిత్రములోని పాట రికార్డుమీద గాయని పేరు లేదు. చిత్రములోని పాత్ర పేరు 'కామిని' అని మాత్రము అచ్చయినది. పాట రేడియోలో రాగా, ఈ పాడినదెవరని శ్రోతలు ఉత్తరములు వ్రాసిరి. రేడియోవారు రికార్డు కంపెనీని అడిగి తెలిసికొని ఆ పేరు ప్రకటించిరి. ఆ పేరు లతా మంగేష్కర్. నేడీ సంగతి విని నవ్వుదుము గాని, ఆనాడు ఆ రెండు సెకండ్లు ఒక అనౌన్సరు చేతిలో ఉండెను.

పాటల మనిషికి పాటలు కాని వేళలును వచ్చును. పెద్ద నాయకులు మరణించినప్పుడు సినిమా పాటలు నిలిపివేసి, వీణయో సారంగియో వినిపించుట ఆకాశవాణి సంప్రదాయము. వార్త చెవిని పడునప్పటికి టర్నుటేబులుమీద హాస్యగీత మొకటి సిద్ధముగా ఉండవచ్చును. పై అధికారి ఇంటినుండి వచ్చువఱకు ఆ గదిలో ఉండునది డ్యూటీ ఆఫీసరును మేమును. తీరప్రాంతములలో తుఫాను వేళ ఇంకను వేఱు. పాటకు పాటకు నడుమ హెచ్చరిక చదువవలెను. అప్పుడు గొంతులో భయముండరాదు, ఉల్లాసమును ఉండరాదు. అంతకుముందు గంటలో ఏ గొంతు పేరు పెట్టి పలుకరించినదో, అదే గొంతు "పడవలు తీరమునకు చేర్చుడు, పల్లపు భూములు విడిచి రండు" అని చెప్పినప్పుడు జనులు నమ్ముదురు. ఇది మా ఊహ కాదు. తీరపు ఊళ్లవారు మాతో చెప్పినమాట.

నేడు పాటలన్నియు కంప్యూటరులో ఉన్నవి. వేలకొలది పాటలలో కావలసినది క్షణములో దొరకును. రికార్డు గీచుకొనుట లేదు, టేపు తెగుట లేదు. ఈ యంత్రమును మేము నిందింపము. కాని యంత్రమునకు ఇంకొక విద్య కూడ తెలియును. దినమంతటి పాటలను ఉదయమే వరుసగా పేర్చి, మాటలను ముందే పలికించి నడుమ చొప్పించినచో, మనిషి లేకయే రాత్రివఱకు తానే నడపుకొనును. మాకు తెలిసిన యొక కేంద్రములో—పేరేల?—ఇట్లు పేర్చుట మొదలైన పిదప నెలకు ఆరు పూటలు మూడైనవి, మూడు ఒకటియైనది. బస్సు చార్జీలు, ఫలహారము పోగా ఆ ఒక్క పూటకు మిగులున దెంతో చెప్పుకొనుటకు సిగ్గు. అయినను గుమాస్తాగారు ఆ ఒక్క పూటకై కోర్టు పని ముందు నాడే ముగించుకొందురు. ఏల యని అడిగినచో సమాధానము చెప్పరు. క్యాజువల్ అనౌన్సర్ల ఉద్యోగ హక్కుల వివాదములు న్యాయస్థానములవఱకును వెళ్లినవి. వాటి జోలికి ఇక్కడ పోము. మా వాదము వేఱు. నిన్నటి గొంతు నేటి గాలివానను చూడలేదు. సోమవారము పలికించి పెట్టిన నవ్వు బుధవారము నాటి దుఃఖవార్త ప్రక్కన వినబడినచో శ్రోత ఆ గొంతును ఇక నమ్మడు. పూర్తికాలపు ఉద్యోగులను తక్కువచేసి అనుట కాదు గాని, సంతనుండి, బడినుండి, కోర్టునుండి తిన్నగా మైకు ముందుకు వచ్చువారి నోట ఆ దినపు మాట ఉండును. మిరప ధర పడిన దినమున గుంటూరు రైతుకు ఏ పాట వేయరాదో మా తెలుగు పంతులుగారికి తెలియును. ఆయన తమ్ముడు మిరప పండించును.

ఈ పనిలో చేరగోరు యువతీయువకులు మమ్ములను అడుగుచుందురు. స్వరపరీక్షలో మంచి గొంతుకన్న ముందు చూచునది ఉచ్చారణ. ళకారమునకు లకారము, శకారమునకు సకారము పలుకువారు అక్కడనే ఆగిపోవుదురు. తెలుగుతోపాటు హిందీ, ఇంగ్లీషు పేరులు గల వాక్యములు కూడ చదివింతురు. ప్రతి దినము పత్రికను పైకి చదువుడు. జిల్లా పటము ముందుంచుకొని ఊళ్ల పేరులు చదువుడు. అద్దము ముందు నిలిచి సినీనటుని గొంతు ననుకరించుట మాత్రము మానుడు. ఆ గొంతు ఇప్పటికే ఒకరివద్ద ఉన్నది.

శ్రోతలకు కూడ ఒక విన్నపము కలదు. ఇప్పుడు కార్డులు తగ్గినవి. కోరికలు ఎక్కువగా ఫోను సందేశములుగా, అందులోను ఇంగ్లీషు అక్షరములలో వచ్చుచున్నవి. ఆ అక్షరములలో రమయు రామయు ఒక్కటే. కోదాడను చూచి కొడద యని చదువవచ్చును; కావలిని కవలి యనవచ్చును. ఊరి పేరు జిల్లా పటము చూచి సరిచూచుకొందుము గాని, మీ అమ్మాయి పేరు ఏ పటములోను ఉండదు. కావున పేరును ఊరును తెలుగులో వ్రాయుడు. బామ్మగారి పేరును వ్రాయుడు. 'బామ్మగారు' అని విడిచిపెట్టకుడు. పాట పేరు తప్పు వ్రాసినను ఫరవాలేదు, దానిని మేము కనుగొనగలము.